మేనత్త హక్కు

నెయాఫు, వవావు దీవి, టోంగా
1998 జూన్ 8

అకనేసీ,

తమ్ముడికీ పిల్లలకీ ముద్దులు. నీకు మాత్రం ముందు చీవాట్లు, ముద్దుల సంగతి తర్వాత.

మార్చిలో రాశాను, జవాబు లేదు. ఈస్టరుకి రాస్తే "పనులు వదినా, ఊపిరాడట్లేదు" అని రెండు ముక్కలు. నీ భర్తకి తోడబుట్టిన అక్కని, రెండు ముక్కలకి సరిపోతానా? సరే, ఈసారి సూటిగా రాస్తున్నాను. నువ్వూ సూటిగా జవాబియ్యి.

సెప్టెంబరు సెలవులకి మనుసియుని తీసుకురా. తీసుకొచ్చి నా దగ్గర వదిలి వెళ్ళు. పిల్లకి పన్నెండు నిండాయి. ఇక్కడ ఆడపిల్లల బడిలో సీటు మాట్లాడాను, హెడ్మాస్టరమ్మ నాతో చాపలు అల్లే ఆవిడే. మంచం వేయించాను. దోమతెర కూడా కొన్నాను.

మర్చిపోయావేమోనని గుర్తు చేస్తున్నాను. అది పుట్టినప్పుడు పేరు పెట్టింది నేను. ఆసుపత్రి మంచం మీద దాన్ని నా చేతుల్లో పెట్టి "ఇది మీదే వదినా, కాస్త పెద్దదయ్యాక మీ దగ్గరే పెరుగుతుంది" అన్నావు. నేను అడగలేదు, నువ్వే అన్నావు. నాకు పిల్లలు లేరని జాలిపడి అన్నావో, మర్యాదకి అన్నావో నాకు అనవసరం. మన ఇళ్ళల్లో మేనత్త అడిగితే కాదన్నవాళ్ళు లేరు. మా మేనత్త అడిగితే మా నాన్న నన్ను ఇచ్చేశాడు. నేనేం అరిగిపోలేదు.

ఇంకో సంగతి. మన పాస్టరమ్మ మీ ఊరొచ్చి వెళ్ళింది కదా. రెండు ఆదివారాలు ప్రార్థనలో మనుసియు కనపడలేదట. తమ్ముడు హాలోతి కూడా లేడట. నువ్వు మాత్రం చివరి బల్ల మీద కూర్చుని, కీర్తన మధ్యలో లేచి వెళ్ళిపోయావట. నిప్పు లేనిదే పొగ రాదు. ఏమిటి సంగతి?

ఉంగాతెయా


రాబిన్‌వేల్, ఆస్ట్రేలియా
1998 జూన్ 25

పూజ్యులైన వదినగారికి,

అకనేసి నమస్కారాలు. మీ ఉత్తరం చదివి సిగ్గుతో చచ్చిపోయాను. జవాబు రాయకపోవడం నా తప్పే. మీరు తిట్టకపోతే ఇంకెవరు తిడతారు?

నా వారం ఎలా గడుస్తుందో వింటే మీకే జాలేస్తుంది. పొద్దున్న ఆరింటికల్లా ద్రాక్షతోటలో కత్తిరింపులు. మంచుకి వేళ్ళు కొంకర్లు పోతాయి, కత్తెర ఎక్కడుందో వేలెక్కడుందో తెలియదు. మంగళవారం, గురువారం మనుసియుకి ఫుట్‌బాల్ సాధన. బడి ఆటే, కంగారు పడకండి. బంతి పట్టుకునే పని దానిది, గోల్ కీపరు. మధ్యలో జట్టు మిల్డురా వెళ్తే మేమూ వెళ్ళాలి, పోను తొంభై కిలోమీటర్లు, రాను తొంభై. ఇక్కడ బడి బస్సులు అవీ ఏమీ ఉండవు, తల్లిదండ్రులే డ్రైవర్లు. నారింజకాయలు కోసి తీసుకెళ్ళేదీ వాళ్ళే, గీతలకి సున్నం వేసేదీ వాళ్ళే. జట్టు చొక్కాలు కూడా వంతుల ప్రకారం ఉతకాలి. ఈ సోమవారం మా వంతు వచ్చింది. పద్నాలుగు చొక్కాలు, ఒక్కోదాని మీద శేరు మట్టి. ఫానే చీకటితో లేచి ఉతికి తీగ మీద ఆరేసింది. ఫానే తెలుసుగా మీకు, మా అన్న కూతురు, ఆరేళ్ళుగా మా దగ్గరే ఉంటోంది. ఆ పిల్ల లేకపోతే నా రెండు చేతులూ విరిగినట్టే.

పాస్టరమ్మ వచ్చిన ఆదివారాలు మనుసియుకి జ్వరం. మీ తమ్ముడు పక్కనే కూర్చున్నారు. నేను మధ్యలో లేచింది కూడా అందుకే.

సెప్టెంబరు ఇరవై రెండుకి టికెట్లు తీసుకున్నాం, నాకూ మనుసియుకీ. మీ మాట కాదంటానా? వచ్చాక అన్నీ కూర్చుని మాట్లాడుకుందాం.

మీ మరదలు
అకనేసి


నెయాఫు
1998 జూలై 14

అకనేసీ,

జ్వరం పిల్లకి వచ్చిందా, బంతికి వచ్చిందా?

నీ ఉత్తరం రెండోసారి చదువుతుంటేనే అనుమానం వచ్చింది. సోమవారం తెల్లారగట్ల ఉతికే చొక్కాలు ఏ రోజు మాసి ఉంటాయి? నేనేమన్నా బడికి వెళ్ళలేదనుకున్నావా? వారంలో రోజులు నాకూ వచ్చు. ఎవరినీ అనరాదని నోరు మూసుకున్నాను. మొన్న మీ చర్చి ఆవిడే ఒకామె పేపరు ముక్క పంపింది. నేను అడగలేదు, తనే పంపింది. బొమ్మలో నా మేనకోడలు గాలిలో అడ్డంగా ఎగిరి బంతి పట్టుకుంటోంది. తొడల దాకా చెడ్డీ. కింద రాసి ఉంది, "ఆదివారం జరిగిన పోటీలో" అని. ఆదివారం! మనూళ్ళో ఆదివారం పడవ దించరు, కొట్టు తెరవరు, గొడ్డలి చప్పుడు వినపడితే పోలీసులొస్తారు. నువ్వు చర్చిలో చివరి బల్ల మీద కూర్చుని, కీర్తన మధ్యలో లేచి, పిల్లని చెడ్డీ వేసి తీసుకెళ్ళావు. దేవుడికి సగం, బంతికి సగమా?

దానికి జ్వరమని నాకు రాశావు. ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా ఆడింది?

తమ్ముడికి ఇది తెలిసి ఉండదు. వాడు తోటలో ఒళ్ళు హూనం చేసుకుంటుంటే నువ్వు వెనకనుంచి ఈ నాటకం ఆడుతున్నావు. వాడికి రాయను. అక్కాతమ్ముళ్ళ మధ్య ఇలాంటి మాటలు రాకూడదు. ఒక గదిలో కూర్చుని సినిమా కూడా చూడనివాళ్ళం మేము. నీతోనే తేల్చుకుంటాను.

ఇక పిల్ల బంతి ముట్టుకోకూడదు. సెప్టెంబరులో దానికి తిరుగు టికెట్ అక్కర్లేదు, ఉంటే చించెయ్యి. నీ పెంపకం చూశాను, చాలు. మేనత్త కడుపు మండితే ఆ పిల్లకి మంచిది కాదు. అది నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఉంగాతెయా


రాబిన్‌వేల్
1998 జూలై 30

ఉంగాతెయాకి,

ఈసారి పూజ్యులు, నమస్కారాలు అని రాయడానికి నా చెయ్యి రావట్లేదు.

అవును, ఆదివారమే. ఇక్కడ పిల్లల పోటీలు ఆదివారమే పెడతారు, నన్నడిగి పెట్టరు. అవును, జ్వరమని అబద్ధం రాశాను. మీతో నిజం చెప్పగలిగే మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు కాబట్టి రాశాను. పన్నెండేళ్ళుగా "సరే వదినా", "మీ ఇష్టం వదినా" అని అని నా నాలుక అరిగిపోయింది. మీరు అడిగిన చాప ఇచ్చాను, అడిగిన పంది ఇచ్చాను, నా పెళ్ళిబట్ట కూడా మీ చర్చి పండక్కి ఇచ్చాను. ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఊరికే అన్నారా? నాకు అర్ధం కాదు, ఒకటిన్నర!

మీ తమ్ముడికి తెలియదా? పేపరు బొమ్మలో మీ మేనకోడలు అడ్డంగా ఎగిరిందన్నారే, ఆ ఎగరడం నేర్పింది ఎవరనుకున్నారు? సాయంత్రం తోట నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, పెరట్లో పాత పరుపు వేసి "దూకు! మోచెయ్యి కాదు, భుజం ఆనించు!" అని అరిచేది మీ తమ్ముడే. ఆదివారం పిల్లల ఆట అయ్యాక పెద్దలకీ పిల్లలకీ పోటీ పెడతారు. అందులో మీ తమ్ముడు గోల్ కీపరు, నేను వెనక వరసలో ఎడమ పక్క. పోయిన వారం నా కూతురు నా కాళ్ళ సందులోంచి బంతి పోనిచ్చి పకపకా నవ్వింది. నేనూ బురదలో కూర్చుని నవ్వాను. ఆయన్ని పెళ్ళి చేసుకుని పదిహేనేళ్ళయింది. ఆయన గట్టిగా నవ్వడం నేను ఆ మైదానంలోనే చూశాను. ఇప్పుడు రాయండి ఈ సంగతి పాస్టరమ్మకి.

ఇంకా వినండి. మనుసియుని జిల్లా జట్టుకి ఎంచుకున్నారు. అందుకోసం పోయిన వారం నేను పడ్డ పాట్లు దేవుడికే తెలుసు. బుధవారం కత్తిరింపులు సగంలో ఆపి మెల్‌బోర్న్ తీసుకెళ్ళాను, ఆరు గంటల ప్రయాణం. కారు కిటికీ మూసుకోదు, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని నడిపాను. గురువారం ఎంపిక. శుక్రవారం తిరిగొచ్చి పనిలోకి. శనివారం చొక్కాలు సర్దడం. ఆదివారం మళ్ళీ మిల్డురా. అలా తిరిగితే నలభై మంది పిల్లల్లో దాని పేరు పిలిచారు. పెద్ద పోటీ ఎప్పుడో తెలుసా? సెప్టెంబరు ఇరవై నుంచి ఇరవై ఆరు. సరిగ్గా మీ దోమతెర కింద అది పడుకోవాల్సిన వారం.

పేరు పిలిచాక అది పరిగెత్తుకుంటూ వచ్చి ఏమందో తెలుసా? "అమ్మా, నేను ఆ అత్త దగ్గర ఉండిపోతే ఇంక ఇది ఉండదు కదా?" అంది. అంటే ఇన్నాళ్ళూ దానికి అన్నీ తెలుసు. ఎవరూ చెప్పకపోయినా తెలుసు. ఆ రాత్రి అది అన్నం తినలేదు.

అందుకని సూటిగా రాస్తున్నాను, మీరు అడిగినట్టే. ఇవ్వను. నా పిల్లని మీకివ్వను. ఆసుపత్రిలో అన్నాను, నిజమే. ఒంట్లో సత్తువ లేక, మీ కళ్ళలో ఆశ చూడలేక అన్నాను. పచ్చిబాలింత అన్న మాట పట్టుకుని పన్నెండేళ్ళు కాచుకుని కూర్చుంటారా ఎవరైనా? తల్లి మొహం ఒక్కసారి చూడకుండా బిడ్డని అడిగే హక్కు మీకెవరిచ్చారు? మేనత్త కావడమే చాలా?

కడుపు మండితే మంచిది కాదన్నారు. పన్నెండేళ్ళ పిల్లని చూపించి బెదిరిస్తారా? శపించాలంటే నన్ను శపించండి.

అకనేసి


నెయాఫు
1998 ఆగస్టు 17

అకనేసీ,

నీ ఉత్తరంలో తమ్ముడి గురించి రాసిన పేజీ చదివి పొయ్యిలో పెట్టాను. అక్కకి తమ్ముడి గురించి అలా రాయకూడదని మీ అమ్మ నీకు నేర్పలేదు. మిగతా పేజీలు దాచాను. నా జన్మలో నాకెవరూ అంత మాట రాయలేదు.

"తల్లి మొహం చూడకుండా బిడ్డని అడిగే హక్కెవరిచ్చారు" అన్నావు. ఆ మాట పట్టుకుని రెండు రోజులు మండిపడ్డాను. మూడో రోజు శుక్రవారం. చాపలు అల్లుకోవడానికి ఆడవాళ్ళం చర్చి హాల్లో కూర్చున్నాం. నా పక్కన ఎప్పుడూ కూర్చునేది ఎవరో తెలుసా? లుపే. మీ అన్న భార్య, ఫానే తల్లి. ఆరేళ్ళుగా ఆవిడ మోకాలు నా మోకాలికి తగులుతూనే ఉంది, నేనెప్పుడూ ఆవిడ మొహం చూడలేదు. నాకూ బుద్ధి లేదు.

అడిగాను, "ఫానే ఎప్పుడొస్తుంది?" అని.

చేతిలో ఆకు కింద పెట్టింది. "నాకేం తెలుసక్కా? ఆవిణ్ణి అడగాలి" అంది.

ఆవిడంటే నువ్వు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. మీ నాన్న శవం ఇంట్లో ఉండగా, నలుగురి ముందు, నువ్వు మీ అన్నని అడిగావు. "చంటిది నడిచేదాకా ఫానేని నాతో పంపు" అన్నావు. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను. శవం ముందు చెల్లెలు అడిగితే అన్న ఏమంటాడు? లుపే అప్పుడు వంటింట్లో చేమాకులు చుడుతోంది. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. పిల్ల పెట్టె సర్దుకుంటుంటే తెలిసిందట. పదకొండేళ్ళ పిల్ల. ఇప్పుడు పదిహేడు. మీ చంటిది ఇంకా నడవలేదా అకనేసీ? పాకుతోందా?

గురివింద గింజ తన నలుపెరగదంటారు, నీకోసమే పుట్టింది ఆ మాట.

ఆ పేపరు ముక్క మళ్ళీ తీశాను. మనుసియు ఎగురుతోంది సరే. వల వెనక ఇంకో పిల్ల నిలబడి ఉంది. రెండు చేతుల్లో సంచులు, నడుం పట్టుకుని వేలాడుతూ నీ చిన్నది. కింద అందరి పేర్లూ వేశారు, కోచ్ పేరు కూడా. ఆ పిల్ల పేరు వెయ్యలేదు. లుపేకి ఇచ్చాను. ఆవిడ వేలితో ఆ మొహం మీద మెల్లగా రుద్దింది, పేపరు సిరా చెదిరి మొహం నల్లగా అయిపోయింది. "అయ్యో, చెరిపేశానక్కా" అని ఏడ్చింది. హాల్లో ఇరవై మంది ఆడవాళ్ళం, అందరం అల్లిక ఆపేశాం. ఆ తల్లి ఉసురు నీకే తగలాలి. అన్నీ తెలిసి పక్కన కూర్చున్నందుకు నాకూ తగలాలి.

ఇది చదివి నేను మెత్తబడ్డాననుకోకు. నా కోపం నాకుంది, నా మంచం ఖాళీగా ఉంది, నా పిల్ల నాకు కావాలి. కానీ ఒక్క మాట తేల్చి రాయి. మేనత్తకి హక్కుంటే నీకూ ఉంది, నాకూ ఉంది. లేకపోతే ఇద్దరికీ లేదు. రెండు పడవల మీద రెండు కాళ్ళు పెట్టి నా ముందు నిలబడకు.

ఉంగాతెయా


రాబిన్‌వేల్
1998 సెప్టెంబరు 7

వదినా,

మీ ఉత్తరం వచ్చిన రోజు ఇంట్లో రెండు ప్లేట్లు పగిలాయి. నేనే పగలగొట్టాను. ముక్కలు ఏరడానికి ఫానే వచ్చింది. ఏరుతుంటే చూస్తూ నిలబడి, "వద్దు, నేను ఏరతాను" అనడానికి నాకు అరనిమిషం పట్టింది.

వారం రోజులు మీకు జవాబు రాయలేదు. మీ మీద కోపం, లుపే మీద కోపం. "ఒక్క ఉత్తరం ముక్క రాసి అడగచ్చుగా, నోరు లేదా?" అని ఆవిణ్ణి తిట్టుకున్నాను. ఆ నోరు మూయించింది ఎవరో నాకు తెలుసు. తెలిసే తిట్టుకున్నాను.

ఆ వారమంతా కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగాను. సోమవారం మనుసియు జట్టు చొక్కాకి కొలతలు. మంగళవారం సాధన. బుధవారం నా ప్రయాణం కాగితాలకి మిల్డురా. గురువారం మళ్ళీ సాధన. శనివారం చిన్నదాని పళ్ళ డాక్టరు. నిన్న ఆదివారం సెమీ ఫైనల్. వెళ్ళిన ప్రతిచోటా ఫానే ఉంది. వెనక సీట్లో, సంచుల మధ్య. ఇన్నాళ్ళూ ఉంది, నేను నిన్న చూశాను. అందరూ గీత పక్కన నిలబడి గొంతులు పోయేలా అరుస్తుంటే, ఆ పిల్ల కారు డిక్కీ దగ్గర వంగి నారింజకాయలు కోస్తోంది. దగ్గరికెళ్ళి అడిగాను.

"నీకెప్పుడూ ఆడాలనిపించలేదా ఫానే?"

"నాకు బూట్లేవి అత్తా?" అంది. దెప్పుతున్నట్టు కూడా అనలేదు, టైమెంతయింది అంటే చెప్పినట్టు చెప్పింది. కోసిన ముక్కలు పళ్ళెంలో సర్దుకుంటూ ఉంది.

మేం గెలిచాం. ఎంతకి గెలిచామో నాకు గుర్తు లేదు.

తిరిగొస్తూ కారులో చెప్పాను, "ఇరవై రెండున నాతో నువ్వొస్తున్నావు. మనుసియు నాన్నతో పోటీకి వెళ్తుంది. టికెట్ నీ పేరు మీద మార్పిస్తాను" అని. సంతోషిస్తుందనుకున్నాను. ఇరవై కిలోమీటర్లు సంచులు ఒళ్ళో సర్దుకుంటూ కూర్చుంది. తర్వాత అడిగింది,

"మనుసియు బదులు నన్ను ఆ అత్తకి ఇస్తున్నావా?"

కారు పక్కకి ఆపేశాను. మీ తమ్ముడు తల కిటికీ వైపు తిప్పుకున్నారు. పిల్లలిద్దరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది, అరిచాను. ఎవరిమీద అరిచానో నాకే తెలియదు. "మీ అమ్మ దగ్గరికే! మీ అమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నాను!" అన్నాను.

"ఎన్నాళ్ళకి?"

"ఉండిపోవడానికే."

"చిన్నది నడిచేదాకా అని కూడా నువ్వే చెప్పావు అత్తా."

మళ్ళీ కారు తీశాను. వదినా, నేను మీకు అబద్ధాలు రాశాను, మీరు పట్టుకున్నారు. ఈ పిల్ల ఆరేళ్ళుగా పట్టుకునే ఉంది, ఒక్కమాట అనలేదు.

మీరు తేల్చమన్నది తేల్చాను. ఆ హక్కు తప్పు. నాదీ తప్పే, మీదీ తప్పే. నాది ముందు తప్పు. మనుసియుని ఇవ్వను. మనూళ్ళో తప్పు ఒప్పుకునేవాళ్ళలా చిరిగిన చాప నడుముకి కట్టుకుని వచ్చి మీ గుమ్మం బయట కూర్చుంటాను. తిడతారో, తలుపేసుకుంటారో మీ ఇష్టం. అక్కణ్ణుంచి లేచి లుపే ఇంటికి వెళ్తాను. అక్కడ ఏమనాలో నాకింకా తెలియదు.

ఇది నా అంతట నేను రాస్తున్న ఉత్తరం కాదు. ఫానే రాయమంది. "ఆ అత్తకి రాసెయ్యి. ఆవిడ చదివి మా అమ్మకి చెప్తే, ఇక నువ్వు మాట మార్చలేవు" అంది. పక్కనే నిలబడి ఒక్కో మాటా చదువుతోంది. పైన "ఉండిపోవడానికే" అన్న చోట కింద గీత గీయమంది, గీశాను.

కవరు తనే అంటిస్తుందట. పోస్టులో నేను వేస్తానని చెయ్యి చాపితే ఇవ్వనంది.

అకనేసి